ఖండ్వాలో చెప్పిన పేరు

మా ఆయన పేరు విశ్వేశ్వరయ్య. నోటితో అంటేనే దోషం, చేత్తో రాస్తే లేదని నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను కాబట్టి ఇక్కడ ధైర్యంగా రాశాను. ఆ నియమం ఏ శాస్త్రంలోనూ ఉండదు. మొగుడి పేరు భార్య నోట పలికితే ఆయన ఆయుస్సు తగ్గుతుందని మా ఆదోనిలో కోమట్ల ఇళ్లలోనూ నమ్మేవాళ్లు, నేతవాళ్ల ఇళ్లలోనూ నమ్మేవాళ్లు. నేను నమ్మానో లేదో అడిగితే జవాబు చెప్పలేను. అనకుండా మాత్రం ఉన్నాను.

హులిగమ్మ నమ్మింది. రాసినా దోషమేనని ఆమె వాదన. "రాసేటప్పుడు లోపల అనుకుంటాం గదా వాసవమ్మా. లోపల అన్నా అన్నట్లే" అనేది. అది వింటే నాకు కోపం వచ్చేది.

రైల్వే స్టేషను దగ్గర పొద్దున్నే ఒగ్గాణి, మిరపకాయ బజ్జీలు అమ్మే మనిషి ఆమె. నానబెట్టి పిండిన బొరుగులకు ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి తిరగమోత పెట్టి, పైన పుట్నాల పొడి చల్లితే ఒగ్గాణి. దేవనకొండ నుంచీ చిప్పగిరి నుంచీ పత్తి బండ్లు తోలుకొచ్చే రైతులు ఆమె పొయ్యి దగ్గర ఆగకుండా మార్కెట్టుకు పోయేవాళ్లు కాదు. పుట్టిల్లు ఎమ్మిగనూరు. పదిహేనో ఏట ఆదోనిలో లక్ష్మప్పకు ఇచ్చి చేశారు. లక్ష్మప్పది నేతపనే, కాని మగ్గం వదిలిపెట్టి జిన్నింగ్ మిల్లులో చేరి, పత్తి నుంచి గింజ వేరుచేసే యంత్రాలు బాగుచేసే ఫిట్టరయ్యాడు. 1929లో ఒక సేటు అతని పనితనం చూసి, ఉత్తరాన ఖండ్వాలో తనకున్న మిల్లుకు తీసుకుపోయాడు. రెండేళ్లు కార్డులు వచ్చాయి. 1931 పుష్యమాసంలో వచ్చిందే ఆఖరిది. సేటు మిల్లు అమ్ముకుని ఎటో పోయాడని తర్వాత తెలిసింది. వాళ్లకు పిల్లలు లేరు.

మనిషి జాడ పన్నెండేళ్లు తెలియకపోతే చచ్చినట్టే లెక్క. గడ్డితో బొమ్మ చేసి, దానికి ఆ మనిషి పేరు పెట్టి కాల్చి, పదకొండు రోజుల కర్మ చేస్తారు. భార్యకు గాజులు, తాళి తీసేస్తారు. లక్ష్మప్ప తమ్ముడు శేషప్ప ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడు. ఎనిమిదేళ్లు దాటినప్పటి నుంచే ఆ మాట మొదలుపెట్టాడు. అన్న ప్రేతమై దాహంతో తిరుగుతున్నాడని అతనికి కలలు వచ్చేవి. కలలు నిజమే అయ్యుండవచ్చు. ఆదోనిలో హులిగమ్మ ఉంటున్న ఇల్లు అన్నదమ్ములిద్దరిదీ అనే మాట కూడా నిజమే. కర్మ జరిగిందంటే ఆమె ఒగ్గాణి పొయ్యి ఆర్పుకుని, బోడి నుదురుతో ఎమ్మిగనూరు పోయి మరిది ఇంట్లో నూలు కండెలు చుట్టుకుంటూ బతకాలి. పొద్దున్నే బేరానికి విధవరాలు ఎదురైతే రైతులు ఆగరు కదా.

"ఆయప్ప సచ్చినాడో బతికినాడో నాకు తెలియల్ల. తెలీకుండా నా బొట్టు ఎవురూ తుడవకూడదు" అని ఆమె పట్టు. అంతకు మించి ఆమెకు కావలసింది ఏమీ లేదు.

1940 ఎండాకాలంలో మా ఇంట్లో ఆడవాళ్లకు హిందీ తరగతి పెట్టారు. పెట్టింది మా ఆయన. ఆయనకు అప్పుడు ఖద్దరు పిచ్చి. వీధి గదిలో చాపలు పరిపించి, మద్రాసులో హిందీ చదివొచ్చిన గోవిందయ్య పంతులును పిలిపించాడు. మధ్యాహ్నం మూడింటి నుంచి ఐదింటి దాకా. మా వీధి కోడళ్లం తొమ్మిది మందిమి చేరాం. సగం మందికి హిందీ మీద కంటే, అత్తగారి ఎదుటి నుంచి రెండు గంటలు లేచి రావడం మీద ప్రేమ ఎక్కువ. నేనూ ఆ సగంలోదాన్నే.

మూడో రోజు హులిగమ్మ వచ్చి గడప బయట నిలబడింది. "నేనూ నేర్సుకుంటా సార్" అంది. మా అత్తగారు లోపలి నుంచే, "బజ్జీలు హిందీలో అమ్ముతావా?" అంది. హులిగమ్మ నవ్వి, "అమ్మేటంత హిందీ వస్తుందమ్మా. రాసేది, సదివేది రాదు" అంది. అది నిజం. స్టేషను దగ్గర అమ్మే మనిషికి తురకమాట రాకపోతే ఎట్లా. "క్యా హోనా", "నక్కో", "జల్దీ" అన్నీ ఆమె నోట్లో ఉన్నాయి. వద్దనడానికి ఆమె వాడే ఆ "నక్కో" మాన్పించి "నహీ" అనిపించడానికి గోవిందయ్య పంతులుకు రెండు నెలలు పట్టింది.

ఆమె చాప చివర కూర్చుంది. పక్కన ఖాళీ ఉన్నది నాకే. అట్లా మేమిద్దరం జతపడ్డాం.

ఆ రోజే పంతులు రిజిస్టరు తెరిచి ఒక్కొక్కరినీ "ఆప్‌కే పతి కా నామ్ క్యా హై?" అని అడిగాడు. మీ భర్త పేరేమిటి అని. పది మంది పెండ్లయినవాళ్లం, ఒక్కరు నోరు తెరవలేదు. ఆయనకు పెండ్లి కాలేదు పాపం, మాకు ప్రశ్న అర్థం కాలేదనుకుని నాలుగుసార్లు అడిగాడు. చివరికి హులిగమ్మ నా వైపు చెయ్యి చూపించి, "విశ్వేశ్వరయ్య" అంది. నేను ఆమె వైపు చూపించి "లక్ష్మప్ప" అన్నాను. మాలో అది మామూలే. మన మొగుడి పేరు కావలసొస్తే పక్కనున్న ఆడమనిషి చెప్పిపెడుతుంది. తక్కిన ఎనిమిది మందీ అదే దారి పట్టారు. పంతులు మాత్రం ఎవరు చెప్పిన పేరు వాళ్ల పక్కనే రాసుకున్నాడు. నెలాఖరున హాజరు పట్టీ మా ఆయన చేతికి వచ్చింది. అందులో నా మొగుడు లక్ష్మప్ప, హులిగమ్మ మొగుడు విశ్వేశ్వరయ్య. వీధిలో పది కాపురాలు అటూ ఇటూ అయిపోయాయి. మా ఆయన నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. మా అత్తగారు మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ముప్పై మూడేళ్ల వయసులో పలక పట్టిన మనిషి హులిగమ్మ. తెలుగు అక్షరాలే అంతంతమాత్రం. నూనె మరకల చేతితో దిద్దిన అక్షరాల మీద నూనె వేలిముద్రలు పడేవి. మేము పాఠం అయిపోయాక ముచ్చట్లలో పడితే ఆమె కూర్చుని మళ్లీ రాసేది. మేము పువ్వులు, పండ్లు, చుట్టాల పేర్లు నేర్చుకుంటుంటే ఆమె వేరేవి అడిగేది. "ఈ మనిషిని ఎరుగుదురా అని ఎట్ల అడగల్ల సార్? యాడ ఉంటాడు అని? ఎన్నేండ్లాయె అని?" పంతులు చెప్పేవాడు, ఆమె పొయ్యి దగ్గర వల్లించేది. ఒక రైతు నాకే చెప్పాడు, బజ్జీ వేస్తూ వేస్తూ తనలో తాను హిందీ మాట్లాడుకుంటుంటే గాలి సోకిందేమో అనుకున్నానని.

ఏడాది తిరిగేసరికి ఆమె సొంతంగా కార్డు రాసే స్థితికి వచ్చింది. ఖండ్వాలో జిన్నింగ్ మిల్లులు చాలా ఉన్నాయని మా ఆయన తన వ్యాపారపు పుస్తకంలో చూసి చిరునామాలు ఎక్కించి ఇచ్చాడు. నెలకొక మిల్లుకు ఒక కార్డు. అంతా ఆమే రాసేది. పేరు రావలసిన చోట రెండు వేళ్ల ఖాళీ వదిలి నా దగ్గరికి తెచ్చేది. నేను "లక్ష్మప్ప" అని నింపేదాన్ని. నింపేటప్పుడు ఆమె ముఖం పక్కకు తిప్పుకునేది. "చదవడం కూడా దోషమేనా?" అని నేను ఎగతాళి చేస్తే, "ఏమో, ఏంటికి రిస్కు" అనేది. రిస్కు అనే మాట స్టేషనులో నేర్చుకుంది.

పద్నాలుగు కార్డులకు జవాబు లేదు. 1942లో ఆగస్టు గొడవల్లో గోవిందయ్య పంతులును జైలుకు పట్టుకుపోయారు. తరగతి మూతపడింది. తొమ్మిది మంది కోడళ్లూ ఎవరి వంటింటికి వాళ్లు పోయారు. హులిగమ్మ మాత్రం మధ్యాహ్నం మూడింటికి వచ్చి నా ఎదుట కూర్చునేది. నాకు ఇష్టం లేని రోజు కూడా వచ్చేది. నేను పైకి విసుక్కున్నాను కాని, ఆమె రాని రోజు వీధి వైపు చూస్తూ కూర్చునేదాన్ని.

కార్తీకంలో ఒక కార్డు వచ్చింది. ఏదో మిల్లు గుమాస్తా హిందీలో నాలుగు వరుసలు రాశాడు. ఆ పేరుగల ఫిట్టరు మూడేళ్ల కిందటి వరకు ఇక్కడే పనిచేశాడు, ఇప్పుడు ఈ ఊళ్లోనే మరో మిల్లులో ఉండవచ్చు, తెలియదు. హులిగమ్మ దాన్ని తానే చదివింది. ఎవరి సాయమూ లేకుండా మొదటి నుంచి చివరి వరకు చదివి, మళ్లీ చదివి, నా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది.

శేషప్పకు ఆ కార్డు చూపించింది. అతను మెత్తగానే చెప్పాడు. "మూడేండ్ల కిందటి మాట వదినా ఇది. ఇప్పుడుండాడని యాడుంది ఇందులో? పుష్యంలో పన్నెండేండ్లు నిండుతాది. ఎమ్మిగనూరు జాతర అయినంక వచ్చే అమావాస్యకు పెట్టుకుందాం. నూలు దొరక్క మగ్గాలు నిలిసిపోయినాయి. నాగ్గూడా ఇంతకంటే ఆగేకి కాదు."

జాతరకు ఇంకా నెలన్నర ఉంది. మా పుట్టింటివాళ్లు కాశీకి బయలుదేరుతున్నారు. కాశీకి పోయే దారిలోనే ఖండ్వా. వాళ్లతో పోయి అక్కడ దిగిపోతానంది హులిగమ్మ. నేనూ వస్తానన్నాను. మా అత్తగారు వద్దంది, మా ఆయన కూడా చూపు తిప్పుకున్నాడు. ఇల్లంతా ఖద్దరు కడితే ఏమి లాభం అని ఆ రోజు నేను గట్టిగానే అన్నాను. ఏమీ మారలేదు. ఒక కాగితం మీద పెద్ద పెద్ద హిందీ అక్షరాలతో "లక్ష్మప్ప, ఫిట్టరు, ఆదోని" అని రాసి ఇచ్చాను. "ఇది చూపించు చాలు, నీ నోటితో అనే పని లేదు" అన్నాను. పెద్ద తెలివైన పని చేశాననుకున్నాను.

పదిహేను రోజులకు ఆమె ఒక్కతే తిరిగి వచ్చింది. స్టేషను నుంచి నేరుగా మా ఇంటికే వచ్చి, వీధి గదిలో చాప లేకుండా నేల మీద కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పింది.

నా కాగితం ఎందుకూ పనికిరాలేదు. మిల్లు గేటు దగ్గర ఉన్నవాళ్లకు చదువు రాదు. కావలివాడికి రాదు, పత్తి మోసే ఆడవాళ్లకు రాదు. చదువొచ్చిన గుమాస్తాలు లోపల ఉంటారు, ఆడమనిషిని లోపలికి రానివ్వరు. అందరూ కాగితం తిప్పి తిప్పి చూసి "పేరేమిటి, నోటితో చెప్పు" అన్నారట. చెప్పిపెట్టడానికి పక్కన నేను లేను.

"సానాసేపు నిలబడితి వాసవమ్మా. అడిగేటందుకు అన్ని మాటలూ వచ్చు నాకు. ఆ ఒగ మాట తప్ప. కడాకు కండ్లు మూసుకోని సెప్పినా. సెప్పినంక తాళి కండ్లకద్దుకుంటి."

అక్కడ ఎవరూ ఎరుగరన్నారు. రెండో మిల్లుకు పోయింది. అక్కడా చెప్పింది. మూడో మిల్లులో యంత్రాలకు నూనె పోసే ముసలాయన ఎరుగుదునన్నాడు. ఈ మిల్లులోనే పని, ధర్మశాల వెనక వరసలో మూడో ఇల్లు అని దారి చెప్పాడు.

ఆ ఇంటి ముందు ఒక పిల్ల జొన్నలు చెరుగుతోంది. ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. పక్కన ఏడాది బిడ్డ. హులిగమ్మ పోయి హిందీలో అడిగింది, ఇది ఎవరి ఇల్లమ్మా అని. ఆ పిల్ల చేట కింద పెట్టి, కొంగు ముఖం మీదికి లాక్కుంది. నవ్వింది. బిడ్డను సంకన ఎత్తుకుని, పక్కింటి వైపు చూసి ఎవరినో పిలిచింది. పక్కింట్లో ఎవరూ పలకలేదు. ఆ పిల్ల మళ్లీ నవ్వి తల వంచుకుంది.

హులిగమ్మకు ఇంక అడగవలసింది ఏమీ లేకపోయింది. రెండున్నరేళ్లు నేర్చుకున్న హిందీలో ఒక్క ముక్క కూడా అవసరం లేకుండానే ఆ పిల్ల ఎవరో తెలిసిపోయింది.

"నేనే సెప్పినా. లక్ష్మప్పదా అంటి. అవునని తలూపింది. నువ్వెవరని అడిగింది. వాళ్ల ఊరిదాన్ని అని సెప్పినా. నీళ్లిచ్చింది, రొట్టె పెట్టింది. పచ్చిమిరపకాయ దంచి పెట్టింది దాంట్లోకి. మన దిక్కు మాదిరే. ఆయప్ప నేర్పించినాడేమో."

ఉండమని ఆ పిల్ల బతిమాలిందట. రైలు ఉందని చెప్పి హులిగమ్మ బయటికి వచ్చి, ధర్మశాల అరుగు మీద కూర్చుంది. సాయంత్రం మిల్లు కూత వేశాక లక్ష్మప్ప వచ్చాడు. జుట్టు నెరిసింది, కొంచెం వంగాడు, నడక మాత్రం అదే. వాకిట్లోనే బిడ్డను ఎత్తుకున్నాడు. ఆమె అరుగు దిగి స్టేషనుకు పోయింది. అతను ఆమెను చూడలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. అక్కడే నాలుగు పెట్టి రావలసింది అన్నాను. కులపెద్దలకు చెప్పు, మనుషుల్ని పంపి ఈడ్చుకొస్తారు అన్నాను. అది కాకపోతే శేషప్పను గడ్డిబొమ్మ కాల్చుకోనీ, అలాంటివాడి పేరున బొట్టు పెట్టుకోవడం కంటే తుడుచుకోవడమే మేలు అని కూడా అన్నాను. ఆ మాట ఎట్లా అన్నానో ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గు వేస్తుంది. ఆమె బొరుగులు నానెయ్యాల అని లేచి పోయింది.

జాతర అయ్యాక వచ్చిన అమావాస్యకు శేషప్ప వచ్చాడు. వెంట ఇద్దరు కులపెద్దలు, ఒక మోపు గడ్డి. హులిగమ్మ ఇంటి ముందు చాప వేసి కూర్చున్నారు. నేను కూడా పోయాను. మా అత్తగారిని అడగకుండానే పోయాను.

హులిగమ్మ అరచేతిలో కర్పూరం వెలిగించుకుని నిలబడింది. "బతికే ఉండాడు. నా కండ్లతో సూసినా. బాగుండాడు. మిల్లులో పని, ఇడిసి వచ్చేకి లేదు" అంది. కర్పూరం ఆరిపోయేదాకా చెయ్యి దించలేదు. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ప్రమాణం అయిపోయింది గదప్పా అన్నారు.

శేషప్ప తల వంచుకుని మోపులోని గడ్డిపోచలు తుంచుతూ కూర్చున్నాడు. ఇల్లు పోయిందని బాధపడుతున్నాడనుకున్నాను. అతను తల ఎత్తేసరికి కండ్లు నిండి ఉన్నాయి. "నన్ను అడిగినాడా వదినా?" అన్నాడు.

"అడిగినాడు. మగ్గం నేస్తాండాడా అని అడిగినాడు" అంది హులిగమ్మ.

అతను ఆ గడ్డి మోపు పక్కింటి ఎద్దులకు వేసి, సాయంత్రం బండికి ఎమ్మిగనూరు వెళ్లిపోయాడు. తర్వాత ఎప్పుడూ ఆ ఇంటి మాట ఎత్తలేదు. హులిగమ్మ ఇంకా ఇరవై రెండేళ్లు బతికింది, గాజులతో, బొట్టుతో, ఆ పొయ్యి దగ్గరే. గోవిందయ్య పంతులు జైలు నుంచి వచ్చాక హిందీ పరీక్షలు రెండు పాసయింది. మా వీధి కోడళ్లలో ఒక్కరూ అంతదూరం పోలేదు, నాతో సహా.

ఆ సాయంత్రం అందరూ పోయాక నేను మాత్రం కదలలేదు. ఆమె అరచేతికి వెన్న రాస్తూ మళ్లీ దెప్పాను. వాడు అక్కడ పెళ్లాంబిడ్డలతో సుఖంగా ఉన్నాడు, నువ్వు ఇక్కడ చెయ్యి కాల్చుకుని వాడిని బతికించావు, ఎందుకని అడిగాను. కోపంతోనే అడిగాను కాని ఏడుపు ఆగలేదు నాకు.

"పేరు సెప్పలేక ఆ పిల్ల పక్కింటి దిక్కు సూస్తాండింది వాసవమ్మా. ఆయప్ప నూరేండ్లు బతకల్లని" అంది హులిగమ్మ. "పన్నెండేండ్లు నేనూ అట్లనే నోరు కట్టుకోని కాపాడినా. నేను కాపాడితేనే గదా ఆ పిల్లకు దక్కినాడు. నేను కాపాడిందాన్ని నేనే ఎట్ల కాలుస్తా?"